సాకకి పోసిన ఇటలీ సీసా

మా మంచం కింద రెండేళ్లపాటు ఒక సీసా పడుకుని ఉంది. పైన మేం పడుకునేవాళ్లం. దానికి నిద్ర పట్టింది గాని నాకు పట్టలేదు.

సీసా మావారిది. మావారు కృష్ణారావుగారు శామీర్‌పేట సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. మాది తణుకు దగ్గర. బదిలీ మీద ఇటు వచ్చి, సుధాకర్‌రెడ్డిగారి ఇంట్లో ముందు వాటా అద్దెకు తీసుకున్నాం. తొంభై నాలుగులో మేడ్చల్ దారిలోని నూలు మిల్లుకి ఇటలీ నుంచి మెషిన్లు వచ్చాయి. వాటిని బిగించడానికి బ్రూనో అనే ఆయన వచ్చి ఆరు నెలలు ఉన్నాడు. మిల్లుకి కరెంటు లైను వేయించే పని మావారిది. ఇద్దరికీ కలిసిన భాష అంతంతమాత్రం, అయినా తెగ కబుర్లు. వెళ్లిపోతూ బ్రూనో ఒక నల్లటి సీసా ఇచ్చాడు. మాసిపోయిన కాగితం మీద బరోలో అనీ, 1971 అనీ రాసి ఉంది. వాళ్ల నాన్న సొంత తోటలో ద్రాక్షతో చేసిన ఎర్ర వైనట. పాతబడేకొద్దీ బాగుంటుందట. ఇంకో రెండేళ్లు ఆగి తాగమన్నాడట.

మావారు చుక్క ముట్టని మనిషి. కాఫీ కూడా పలచగా కలపమంటారు. అలాంటాయన ఆ సీసాకి దాసోహం అయిపోయారు.

"ఒక్కసారే తాగుతాను మణీ. జన్మలో ఒక్క గ్లాసు. దానికి ఇరవై అయిదేళ్లు నిండాక," అన్నారు.

తాగే ముందు రోజు సీసాని నిలబెట్టాలి. కదపకూడదు. మెల్లిగా వంచాలి. అడుగున ఉన్న మడ్డి వదిలెయ్యాలి. గ్లాసులో పోశాక గాలి తగలనిచ్చి కాసేపు ఆగాలి. సత్యనారాయణ వ్రతానికి కూడా ఇంత నియమం లేదు. ఎండలు ముదిరితే పాడవుతుందని రోజూ పొద్దున్నే తడిగోనె చుట్టేవారు. నాకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన పాపాన పోలేదు గాని, సీసాకి మాత్రం వేసవి అంతా సేవ జరిగింది.

నవ్వుకుని ఊరుకుందును. కాని తొంభై అయిదు జనవరిలోనే రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టేశారు.

అప్పటి నుంచి మొదలైంది నా భయం. ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో సీసా దొరికితే కేసు, సస్పెన్షన్, పేపర్లో పేరు. అదీగాక మేం ఉన్నది ఎవరి ఇంట్లో? సుధాకర్‌రెడ్డిగారు ఊళ్లో మద్యనిషేధ కమిటీకి పెద్ద. ఎన్నికలు దగ్గర పడుతున్న కొద్దీ ఆయన పట్టుదల కూడా పెరిగింది. సర్కారు కల్లు జోలికి పోకపోయినా ఈయన మాత్రం ఊరందరి చేత కల్లు కూడా ముట్టబోమని ఒట్టు వేయించాడు. తన పొలంలో నలభై తాటిచెట్లు కొట్టించి, ఆ జాగాలో ప్లాట్లకి రాళ్లు పాతించాడు. ఆయన జీపు హారన్ వినిపిస్తే చాలు, మంచం మీది దుప్పటి నేల దాకా లాగేదాన్ని.

"పారబోసెయ్యండి," అని ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డానో.

"ఇరవై నాలుగేళ్లు ఓపిక పట్టినదాన్ని మోరీలో పొయ్యమంటావా?" అనేవారాయన. ఓపిక పట్టింది సీసాయే గాని నేను కాదు.

వెనక వాటాలో సుధాకర్‌రెడ్డిగారి తల్లి ఐలమ్మ ఉండేది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు పోయాయి గాని నోరూ, ముక్కూ భద్రంగా ఉన్నాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే ఒక ముంత కల్లు ఆమెకి అలవాటు. ఏ చెట్టు కల్లో నాలుక మీద వేసుకుని చెప్పేదట. కొడుకు అది మాన్పించాడు. లీడరు తల్లి కల్లు తాగుతుందంటే ఎవరు ఓటేస్తారని. మధ్యాహ్నాలు మా గడప మీద కూర్చుని, ఆ కొట్టేసిన చెట్లని పేరుపేరునా తలుచుకునేది.

తొంభై ఆరు శ్రావణంలో, ఊళ్లో బోనాల ఆదివారం. సుధాకర్‌రెడ్డిగారి భార్య బోనం ఎత్తుకుని చెరువుకట్ట మీది మైసమ్మ దగ్గరికి వెళ్లింది. ఇంటిల్లిపాదీ ఆమె వెంటే వెళ్లారు. కట్ట మీద లైట్ల డ్యూటీ అని మావారు తెల్లారే వెళ్లిపోయారు. ఐలమ్మని మాత్రం నడవలేవు అని ఇంట్లో వదిలేశారు. అసలు కారణం వేరే. అందరి ముందూ మైసమ్మకి కల్లు సాక అడుగుతుందని కొడుక్కి భయం.

సాక అంటే నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అమ్మవారి ముందు కల్లో, మందో నేల మీద ధారగా పోస్తారు. తల్లి చల్లబడాలి, ఊరు చల్లగా ఉండాలి అని. మిగిలింది ప్రసాదంలా తాగుతారు. ఆ ఏడు కమిటీవాళ్లు పసుపునీళ్లు చాలన్నారు.

పదకొండు అయి ఉంటుంది. ఐలమ్మ గోడ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. కొత్తచీర, నుదుట నిండా బొట్టు.

"బిడ్డా, ఇంట్ల ఎవ్వలున్నరు?"

"ఎవరూ లేరవ్వా, నేనే."

"మంచిగైంది. నాకు జర సాకకు గావాలె."

"పసుపునీళ్లు కలపనా?"

"పసుపునీళ్లు మా కోడలు పోస్తది. నాకు మీ మంచం కింద ఉన్నది గావాలె."

చేతిలో గరిటె జారిపోయింది.

"మంచం కింద ఏముందవ్వా, పాత చీరల పెట్టె..."

"పెట్టె పక్కపొంటి తడిగోనె. గోనెల సీస. పోయిన ఎండకాలం సంది వాసనొస్తాంది. పండ్ల మందు. నా ముక్కుకు తెల్వదా?"

"సుధాకర్‌రెడ్డిగారికి తెలుసా?" అన్నాను.

"ఆనికేం తెలుస్తది? జాగల వాసన తప్ప ఆనికి ఇంకో వాసన తెల్వది."

నిజంగానే కొంచెం ఊపిరి వచ్చింది. కాని ఆమె అక్కడి నుంచి కదల్లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"మా అత్త పోసింది, ఆమె ఎనక నేను పోసిన. ఒక్క ఏడు తప్పలే. గీ ఏడు చెట్లు కొట్టిచ్చిండు, సాక బందు వెట్టిండు. తల్లి ఊకుంటదా బిడ్డా? ఇంటి మీదికి రాదా? ఆడు నా కొడుకు. ఆనికేమన్న అయితే నేనేం జెయ్యాలె?"

ఆమె కళ్లలోకి చూశాను. బెదిరింపు లేదు. నా కళ్లలో ఉన్న భయమే అక్కడా ఉంది, కారణమే వేరు. కాదంటే కొడుకుతో చెబుతుందేమో అన్న అనుమానం కూడా నాకు లేకపోలేదు, అబద్ధమెందుకు? రెండూ కలిసి నన్ను మంచం దగ్గరికి తోశాయి.

మావారి నియమాలన్నీ ఆ పూటతో గాలికి పోయాయి. బిరడా తీసే సాధనం మా ఇంట్లో లేదు. పప్పుగుత్తి కాడతో ఐలమ్మే బిరడాని మెల్లిగా లోపలికి నొక్కింది. సీసా నేను వంచబోతే చెయ్యి పట్టి ఆపింది.

"కుదిలియ్యకు. అడుగుకు మడ్డి ఉన్నది. జర్ర జర్ర వంచాలె."

ఉతికిన పాత ధోవతి ముక్క పెట్టి, కల్లు వడకట్టినట్టే వడకట్టింది. ఇత్తడి చెంబులోకి సన్నటి ధార దిగింది. ఎర్రగా ఉంటుందనుకున్నాను. కాదు, అంచుల దగ్గర ఇటుకపొడి రంగులోకి తిరిగింది. అది చూస్తే నాకు మందే గుర్తొచ్చింది, అదీ పాడైపోయిన టానిక్కు.

పెరట్లో ప్రహరీ పక్కన పసుపు పూసిన రాయి ఉంది, వాళ్ల ఇంటి మైసమ్మ. ఐలమ్మ దాని చుట్టూ ధారగా పోసింది. "సల్లగ జూడు తల్లీ. మా పోరడు తెలువక జేసిండు. నీ కడుపుల వెట్టుకో," అంది. దూరంగా కట్ట మీద డప్పులు వినపడుతున్నాయి. నేను మాత్రం గేటు వంక చూస్తూ నిలబడ్డాను.

అయిపోయింది, వెళ్లి పడుకుంటుంది అనుకున్నాను. ఎక్కడ? సాక పోసిన చెయ్యి ప్రసాదం తీసుకోవద్దా? మా వంటింట్లోనే పీట వేసుకుని స్టీలు గ్లాసు చాచింది. సగం పోశాను.

ముందు వాసన చూసింది. చాలాసేపు చూసింది. ఒక గుక్క తీసుకుని మింగకుండా నోట్లో అటూ ఇటూ తిప్పింది. కళ్లు మూసుకుంది.

"ఇంకా ముడుసుకొనే ఉన్నది. జర సేపు గాలి తగలనియ్యాలె," అంది గ్లాసు కింద పెట్టి.

బ్రూనో చెప్పిన మాటే. ఈమెకి ఎవరు చెప్పారు?

పావుగంట అలాగే కూర్చుంది. నేను కిటికీ దగ్గర, గేటు దగ్గర, మళ్లీ కిటికీ దగ్గర. జల్దీ కానియ్యి అవ్వా అని ఎన్నిసార్లు అన్నానో. ఆమె వినలేదు. మళ్లీ తాగింది. ఈసారి ముఖం విప్పారింది.

"ఇగ జూడు. తారు రోడ్డు ఏసేటప్పుడు దూరంకెళ్లి వస్తది జూడు, గా వాసన. దాని ఎనక గులాబి. తాజది గాదు. దర్గ మీద మూడొద్దులు ఎండిన గులాబి." ఇంకో గుక్క. "నోట్లకు పోతే పాత చింతపండు. నాలుకను గుంజుతాంది, కచ్చ నేరేడు తిన్నట్టు. మల్ల తనే ఇడిసిపెడ్తాంది. పోతలేదు బిడ్డా. మింగి ఎంతసేపాయె, ఇంకా నోట్లనే ఉన్నది."

"అయిందా అవ్వా?"

"గిది జేసినోడు తొందర లేని మనిషి," అంది, నా తొందరకి జవాబు చెప్పినట్టు. "నువ్వొక్క గుటక తాగు. ఇసొంటిది మల్ల దొరుకదు."

"నాకొద్దు తల్లీ," అని రెండు చేతులూ జోడించాను. ఇంకో సగం గ్లాసు అడిగి తాగి, గోడ పట్టుకుని తన గదికి వెళ్లింది. నేను ఆ గ్లాసుని చింతపండు వేసి మూడుసార్లు తోమాను. సగం మిగిలిన సీసాకి గుడ్డ కుక్కి మళ్లీ గోనెలో చుట్టాను.

అరగంట గడిచింది. నేల మీది మరక కడిగేద్దామని బిందెతో పెరట్లోకి వెళ్లాను. మైసమ్మ రాయి చుట్టూ, సాక ధార పడిన చోట, చీమలు. వందల చీమలు. ఒక్కటీ కదలడం లేదు.

బిందె అక్కడే పడేశాను.

ఆ వారమే పేపర్లో వచ్చింది. ఏదో ఊళ్లో కల్తీ సారా తాగి పదకొండు మంది పోయారు. ముందు వాళ్లకి చూపు పోయిందట, సాయంత్రానికి ప్రాణం. మావారు కాఫీ తాగుతూ పైకి చదివి వినిపించారు. పాలు ఒక పూట ఉంటే విరిగిపోతాయి. ఇది ఇరవై అయిదేళ్ల నాటిది. పైగా రెండు వేసవులు మా మంచం కింద ఉడికింది. ఏం పోశానో, ఎవరికి పోశానో అప్పుడు అర్థమైంది.

పరిగెత్తాను. ఐలమ్మ నులకమంచం మీద వెల్లకిలా ఉంది. ముఖం పాలిపోయి, చెమటలు.

"అవ్వా! అవ్వా!"

పెదవులు కదిలాయి. "కండ్లు కానొస్తలేవు బిడ్డా. అంత మబ్బు మబ్బుగున్నది."

ఆ తర్వాత ఏం చేశానో ముక్కలుగానే గుర్తుంది. చెప్పులు లేకుండా రెండు సందులు దాటి ముత్తయ్య దగ్గరికి పరిగెత్తడం. ఆయన ఆర్‌ఎంపీ డాక్టరు, కమిటీలో మెంబరు కూడా. "అవ్వ పడిపోయింది," అన్నాను గాని ఎందుకో చెప్పలేదు. ఆయన స్కూటరు వెనక కూర్చుని వస్తూ దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆ మొక్కుల్లో సగం ఆమె బతకాలని, సగం ఆయన ఏమీ అడగకూడదని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముత్తయ్య నాడి చూశాడు. బీపీ చూశాడు.

"మస్తు తగ్గింది. పొద్దటి సంది ఏమన్న తిన్నదా?"

"లేదండీ. బోనాలని ఒక్కపొద్దు ఉంది."

"గదే మల్ల. ముసలామెకు ఒక్కపొద్దేంది? నీరసం. గ్లూకోజు ఎక్కిస్త, అదే లేస్తది." అని సంచీ విప్పాడు.

నీరసం కాదని నాకు తెలుసు. గ్లూకోజుతో పోయేది కాదని తెలుసు. అడగాల్సింది ఆయన అడగలేదు, చెప్పాల్సింది నేను చెప్పలేదు. చెబితే మావారి ఉద్యోగం పోతుంది. పదకొండేళ్ల సర్వీసు. జైలు కూడా తప్పదేమో. చెప్పకపోతే సాయంత్రానికి ఈమె ఉండదు. సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంకా టైముంది. ఆ టైము గ్లూకోజు సీసాలోంచి బొట్టు బొట్టుగా పోతోంది.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. ఎవరో కట్ట దాకా వెళ్లి చెప్పినట్టున్నారు. సుధాకర్‌రెడ్డిగారు పసుపు అంటిన చేతులతోనే వచ్చాడు. వెనక కమిటీవాళ్లు, చుట్టాలు, బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ నరసింహ. పెరడంతా నిండిపోయింది.

"అమ్మా! ఏమైందే? అమ్మా!" అన్నాడు ఆయన. అంత పెద్దమనిషీ మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా తల్లి చెయ్యి నిమురుతున్నాడు. అది చూశాక నా నోరు ఆగలేదు.

"నీరసం కాదండీ. మందు తాగింది. నేనే పోశాను. మా ఇంట్లో సీసా ఉంది, పాతది, విషమైపోయింది. చీమలు కూడా చచ్చిపోయాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"సీస తే," అన్నాడు ముత్తయ్య. తెచ్చిచ్చాను. అందరూ చూస్తుండగా అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకున్నాడు. వాసన చూశాడు. నాలుకకి అద్దుకున్నాడు. ఇంకోసారి అద్దుకున్నాడు, ఆ రెండోది వైద్యం కోసం కాదనిపించింది.

"కల్తీది గాదు పటేలా," అన్నాడు సుధాకర్‌రెడ్డిగారితో. "అసలు ద్రాక్షది. అవ్వ బీపీ గోళీలు ఏసుకున్నది, కడుపుల ఏం లేదు, దాని మీద ఇది వడ్డది. గందుకే కండ్లకు చీకట్లొచ్చినయి. గ్లూకోజే చాలు. మరి చీమలంటరా..." అని రాయి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. "గమాక్సిన్ పొడి వాసనొస్తాంది. ఎవలు సల్లిన్రు?"

నేనే. ఆ పొద్దున్నే, బోనం బెల్లానికి చీమలు పడతాయని పెరడంతా నేనే చల్లాను. భయం పట్టుకుంటే పొద్దున చేసింది మధ్యాహ్నానికి గుర్తుండదు.

పావుగంటలో ఐలమ్మ కళ్లు తెరిచింది. చుట్టూ చూసి, "గీ గుంపేంది?" అంది. పావుగంట. ఆ పావుగంట నేను నోరు మూసుకుని ఉంటే ఏమీ జరిగేది కాదు. ఈ మాట నాకు నేను ఎన్ని వందలసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. కాని చెప్పకుండా ఆ పావుగంట ఎలా నిలబడి ఉండేదాన్నో కూడా నాకు తెలియదు.

నరసింహ జేబులోంచి పుస్తకం తీశాడు. "సీస సార్‌ది గదా మేడం? ఎవలకు పోసిండ్రు?"

సుధాకర్‌రెడ్డిగారు లేచాడు.

"ఎవలకు పోసిన్రని రాస్తవ్ నరసింహా?"

"తాగినోళ్ల పేరు లేకుంటే కేసెట్లయితది పటేలా?"

మంచం మీంచి ఐలమ్మ అందుకుంది. "రాయి కొడకా. కమిటీ పెద్ద తల్లి ఐలమ్మ, డెబ్బై రెండేండ్లు. మైసమ్మకు సాక పోసింది, మిగిలింది తాగింది. మస్తుగున్నది అని గూడ రాయి."

ఎవరో నవ్వారు. నవ్విన గొంతు వెంటనే ఆగిపోయింది. సుధాకర్‌రెడ్డిగారి ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. పుస్తకం మీద చెయ్యి పెట్టి మూశాడు.

"కేసు వద్దు. సార్‌ను పిలువుండ్రి. అందరి ముంగట ఆయన చేత్తోనే పారబొయ్యాలె. ఒక్క సుక్క మిగలొద్దు."

మావారు సైకిల్ మీద వచ్చారు. గేటు దగ్గరే విషయం చెప్పేశారెవరో. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. నన్ను తిట్టినా బాగుండేది. ఆయన సీసా తీసుకుని, గుడ్డ లాగి, మోరీ పక్కన గొంతుక్కూర్చున్నారు.

మామూలుగా పారబొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? ఆయనకి చాలాసేపు పట్టింది. సీసాని ఎండకి అడ్డంగా పట్టుకుని, లోపలి మడ్డి వంక చూస్తూ, కదలకుండా, వెంట్రుకంత ధార. ఎదురుగా గ్లాసు ఉన్నట్టే పోశారు. కమిటీవాళ్లు విసుక్కుంటారేమో అని నేను చస్తున్నాను. ఎవరూ విసుక్కోలేదు. ఎండిన పువ్వుల వాసన పెరడంతా పరుచుకుంది. మడ్డి మూతి దాకా వచ్చేసరికి అలవాటుగా ఆగారు. నరసింహ దగ్గాడు. అప్పుడు మిగిలింది కూడా ఒంచేశారు.

సాయంత్రం జనం వెళ్లిపోయాక నేను వంటింట్లో ఏడుస్తూ కూర్చున్నాను.

"రుచి చూశావా?" అన్నారు వచ్చి.

"లేదండీ."

"గ్లాసు?"

"తోమేశాను. మూడుసార్లు."

తల ఊపి, డైరీ తీసుకుని వెనక వాటాకి వెళ్లారు. ఐలమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆయన ఆమె కింది మెట్టు మీద కూర్చున్నారు.

"అవ్వా, ఎట్లా ఉందో చెప్పు. మొదటి నుంచి చెప్పు. ఏదీ వదలకు."

ఆమె చెప్పింది, ఆయన రాశారు. చాలాసేపు. మధ్యలో ఆమె కళ్లు మూసుకుని నాలుక ఆడించేది, ఆయన కలం ఎత్తి ఆగేవారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. నేను తలుపు వెనకే ఉన్నాను, ప్రతి మాటా వినపడేంత దూరంలో. కాని ఒక్క మాటా నాకు ఎక్కలేదు. నా చెవులు రెండూ గేటు మీదే ఉన్నాయి. జీపు వస్తుందేమో, నరసింహ మనసు మార్చుకుని ఎస్సైని తెస్తాడేమో.

మర్నాడు పొద్దున నరసింహ మా వీధిలో రెండుసార్లు సైకిల్ మీద తిరిగాడు. రెండోసారి మా గేటు వంక చూశాడు. మావారు స్నానానికి వెళ్లారు. బల్ల మీద డైరీ. ప్రభుత్వ ఉద్యోగి చేతిరాత, తారీఖు, తాగిన మనిషి పేరు, అన్నీ ఉంటాయి అందులో. నా చేతులు నా మాట వినలేదు. ఆయన రాసిన కాగితాలు రెండూ చింపి నీళ్ల పొయ్యిలో పెట్టాను. నల్లగా ముడుచుకుని బూడిదయ్యేదాకా నిలబడి చూశాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఆ చలికాలంలో ఐలమ్మ పోయింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా. మరుసటి ఏడు వేసవిలో నిషేధం ఎత్తేశారు. సూరారం నుంచి మేడ్చల్ దాకా రోడ్డు పొడుగునా దుకాణాలకి రంగురంగుల బోర్డులు లేచాయి. సుధాకర్‌రెడ్డిగారి బావమరిదే ఒకటి పెట్టాడు.

ఆ బోర్డు చూసి వచ్చిన రోజు మావారు పాత డైరీ తీశారు. నేను అన్నం కలుపుతున్నాను. పేజీలు తిప్పే చప్పుడు ఆగిపోయింది. కుట్టు దగ్గర మిగిలిన రెండు కాగితపు అంచుల మీద ఆయన వేలు ఆగింది. నేను దాచలేదు.

"నేనేనండీ. నరసింహ తిరిగాడు ఆ రోజు. భయం వేసి కాల్చేశాను."

ఆయన ఆ అంచుల్ని వేలితో నిమిరారు.

"నాకూ అంతా గుర్తులేదు మణీ. అవ్వ తారు అంది, గులాబీ అంది. చివర్లో వాళ్ల అమ్మ గురించి ఏదో అంది, ఆ రుచి ఎక్కడ తగిలిందో చెబుతూ. ఏమందో ఎంత తలుచుకున్నా రావడం లేదు. అది నీకు గుర్తుందా? కాల్చేముందు చదివావు కదా?"

"లేదండీ. చదవలేదు."

ఆయన డైరీ మూసేశారు. కోపం లేదు గొంతులో. ఉన్నా బాగుండేది.

"చదివి కాల్చాల్సింది," అన్నారు.